స్పానిష్ కోసం ఉన్న ఉద్యోగం వదులుకోవాలా?

పేరు ప్రచురించవద్దని కోరుతూ తిరుపతి నుంచి ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. ఆమె వయసు 27 ఏళ్లు. బీకాం చదివి, నాలుగేళ్లుగా శ్రీసిటీలోని ఒక విడిభాగాల కంపెనీలో ఎగుమతుల లెక్కలు చూస్తున్నారు. నెలకు చేతికి 24,000 రూపాయలు వస్తాయి. తండ్రికి గోవిందరాజస్వామి గుడి దగ్గర ఇత్తడి విగ్రహాలు, పూజాసామగ్రి అమ్మే చిన్న అంగడి ఉంది. తమ్ముడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో ఉన్నాడు. హైదరాబాదులో ఒక విదేశీ సంస్థలో మెక్సికో సరఫరాదారుల బిల్లులు చూసే పిన్ని కూతురు, స్పానిష్ వచ్చినవాళ్లకు అదే పనికి ఎక్కువ జీతం ఇస్తున్నారని చెప్పడంతో ఈమెకు ఆ భాష మీద మనసు పడింది. ఎనిమిది నెలలుగా రాత్రి భోజనాలయ్యాక ఆన్‌లైన్ తరగతులు వింటూ, ఏ1 స్థాయి ముగించి ఏ2 మధ్యలో ఉన్నారు (విదేశీ భాషల చదువును ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2 అనే ఆరు మెట్లుగా కొలుస్తారు).

ఇంతలో ఊళ్లోని ఒక శిక్షణ సంస్థ ఆరు నెలల్లో బీ2 స్థాయికి చేరుస్తామని, ఆ తర్వాత నూటికి నూరు శాతం ఉద్యోగం ఖాయమని చెప్పి 1,30,000 రూపాయల ఫీజు అడిగింది. తరగతులు వారానికి ఐదు రోజులు, ఉదయం 10 నుంచి 12 వరకు ఉంటాయి కాబట్టి చేరాలంటే ఉద్యోగం మానుకోవాలి. కోర్సు ముగిసేదాకా డిగ్రీ అసలు సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉంచాలి. తల్లి గాజులు కుదువపెట్టి ఈమె 25,000 అడ్వాన్సు కట్టేశారు. ఆ సంగతి తండ్రికి తెలియదు. మిగతా డబ్బు వచ్చే నెల 15వ తేదీలోగా కట్టకపోతే సీటు పోతుందట. తల్లికి రాత్రి షిఫ్టుల భయం. ఇంట్లో సంబంధాలు కూడా చూస్తున్నారు.

ఉత్తరంలోని రెండు మాటలు ఆమె మాటల్లోనే ఇస్తున్నాను. "మా నాన్న తమిళులు వస్తే తమిళం, కన్నడిగులు వస్తే కన్నడం, ఉత్తరాది వాళ్లు వస్తే హిందీ మాట్లాడి బేరం చేస్తారు. అలాంటి మనిషి నన్ను మాత్రం, మన చుట్టుపక్కల ఎవరూ మాట్లాడని భాష నీకెందుకు తల్లీ అంటారు." రెండోది: "మా కంపెనీ సరుకు కొంత మెక్సికో వెళ్తుంది. అక్కడి నుంచి స్పానిష్‌లో ఏ కాగితం వచ్చినా అందరూ నా బల్ల దగ్గరికే తెస్తున్నారు. అదనపు పనే గానీ పైసా లాభం లేదు." చివర్లో, నేర్చుకుంటే స్పెయిన్ ఉచ్చారణ నేర్చుకోవాలా, మెక్సికో ఉచ్చారణ నేర్చుకోవాలా అని కూడా అడిగారు.

అమ్మా, మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నా దృష్టి కూడా ఆ 1,30,000 మీదికే పోయింది. రెండోసారి చదువుతూ, మీరు విసుగుతో రాసి వదిలేసిన ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. మెక్సికో కాగితాలన్నీ మీ బల్ల మీదికే వస్తున్నాయన్నారు. ఉద్యోగం వదిలి, గాజులు కుదువపెట్టి, ఆరు నెలలు కూర్చుని మీరు ఏ చోటికి చేరాలనుకుంటున్నారో ఆ చోటికి పోయే దారి ఆ బల్ల మీదుగానే పోతోందని నాకు అనిపించింది. ఎందుకలా అనిపించిందో చెప్పాలంటే ముందు గిరాకీ సంగతి మాట్లాడుకోవాలి.

మీ పిన్నిగారి అమ్మాయి చెప్పింది అబద్ధం కాదు. స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష, సుమారు 50 కోట్ల మందికి మాతృభాష. అమెరికాలోనే 4 కోట్ల మందికి పైగా ఇళ్లలో స్పానిష్ మాట్లాడతారు. 2023లో అమెరికాకు సరుకులు పంపే దేశాల్లో మెక్సికో చైనాను దాటి మొదటి స్థానానికి వచ్చింది. సరుకు వెళ్లిన ప్రతిచోటికీ బిల్లు వెళ్తుంది, బిల్లు వెనక చెల్లింపు, చెల్లింపు ఆలస్యమైతే ఫోను వస్తాయి. ఆ బిల్లులు, ఫోన్లు చూసే పనిని ఎన్నో విదేశీ సంస్థలు హైదరాబాదు, బెంగళూరు, చెన్నైలలోని తమ కేంద్రాలకు అప్పగించాయి. లాటిన్ అమెరికాలోని స్పానిష్ మాట్లాడే దేశాలకు మందులు పంపే కంపెనీలు అక్కడి ఔషధ నియంత్రణ సంస్థలకు కాగితాలు స్పానిష్‌లో సమర్పించుకోవాలి. మన దేశపు కంపెనీలే అక్కడికి వెళ్లి పాతుకుపోయాయి. టీసీఎస్ 2002లోనే ఉరుగ్వేలో కేంద్రం తెరిచింది, హీరో మోటోకార్ప్ 2015లో కొలంబియాలో మోటారుసైకిళ్ల కర్మాగారం పెట్టింది.

అయితే ఇక్కడొక సంగతి ఉంది, శిక్షణ సంస్థలు దాన్ని చెప్పవు. ఉరుగ్వేలోని కేంద్రంలో పనిచేయడానికి ఎక్కువగా ఉరుగ్వే వాళ్లనే తీసుకుంటారు, కొలంబియా కర్మాగారంలో ఎక్కువగా కొలంబియా వాళ్లనే తీసుకుంటారు. స్పానిష్ మాట్లాడటమే అర్హత అయితే మీరు పోటీ పడవలసింది తల్లి ఒడిలో ఆ భాష నేర్చుకున్న 50 కోట్ల మందితో. ఆ పోటీలో మీరూ నేనూ ఎన్నటికీ గెలవలేం. పైగా ఒక మామూలు ఉత్తరాన్ని స్పానిష్ నుంచి ఇంగ్లీషులోకి మార్చే పనిని ఇప్పుడు కంప్యూటరే క్షణంలో చేసిపెడుతోంది. మరి మన వాళ్లకు దక్కుతున్న ఉద్యోగాలు ఎలాంటివి? లెక్కలు తెలిసి, పన్నులు తెలిసి, సాఫ్ట్‌వేర్‌లో బిల్లు నమోదు చేయడం తెలిసి, ఆపైన స్పానిష్‌లో ఫోను ఎత్తి మాట్లాడగలిగిన వాళ్లవి. భాష ఒక్కటే ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు, లెక్కలు మాత్రమే వచ్చినవాళ్లు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. రెండూ ఒకే మనిషిలో ఉండటం అరుదు. ఆ అరుదైనదానికే ఎక్కువ జీతం.

ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. స్పెయిన్ నుంచి వచ్చిన బిల్లు మీద 1.250 అని ఉందనుకోండి. మన కళ్లకు అది ఒకటింపావు. స్పెయిన్ వాళ్లకు అది పన్నెండు వందల యాభై, ఎందుకంటే వాళ్లు వేల దగ్గర చుక్క పెట్టి, దశాంశానికి కామా వాడతారు. మెక్సికో వాళ్లు దశాంశానికి మనలాగే చుక్క పెడతారు. ఒకే భాష, బిల్లుకు ఒకే మాట 'ఫక్తూరా', అంకెలు రాసే తీరు మాత్రం వేరు. భాష మాత్రమే చదివిన మనిషి దీన్ని దాటుకుంటూ పోతారు. నాలుగేళ్లు బిల్లులు చూసిన మీ చేయి అక్కడ ఆగుతుంది. అలాగే మెక్సికోలో ప్రతి బిల్లూ సీఎఫ్‌డీఐ అనే ఎలక్ట్రానిక్ రూపంలో ఉండాలి, దానికొక ప్రత్యేక సంఖ్య ఉంటుంది, దాన్ని ఫోలియో ఫిస్కాల్ అంటారు. మన ఈ-ఇన్‌వాయిస్ మీద వచ్చే ఐఆర్ఎన్ సంఖ్య మీకు తెలుసు కాబట్టి ఇది ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది. అక్కడ 'ఇవా' అనే పన్ను సాధారణంగా 16 శాతం ఉంటుంది. మన జీఎస్టీలాగే కొనుగోలు మీద కట్టిన పన్నును అమ్మకం మీది పన్నులోంచి తగ్గించుకునే పద్ధతి అక్కడా ఉంది. ఇంత పునాది చేతిలో ఉన్న మీరు, ఏమీ లేనివాళ్లలా అన్నీ వదిలి మొదటి మెట్టు దగ్గర నిలబడబోతున్నారని నా బాధ.

మీ బల్ల మీదికి వచ్చే కాగితాలనే చూడండి. అక్కడి కొనుగోలుదారు సరుకు బాగాలేదని 'నోతా దె కార్గో' పంపుతారు, అంటే డెబిట్ నోటు. అందులో కారణం దగ్గర 'రెబాబా' అని ఒక మాట ఉంటుంది. విడిభాగం అంచున తీయకుండా మిగిలిపోయిన గరుకు లోహపు పొరకు అది పేరు. మీరు ఆ కాగితం పట్టుకుని షాప్‌ఫ్లోర్‌లోకి నడిచి వెళ్లి, ఆ భాగాన్ని చేత్తో తడిమి చూసి, ఆ డబ్బు ఇవ్వాలో వద్దో చెప్పగలరు. ఏ ఆరు నెలల కోర్సూ ఇది నేర్పదు. ఇకనుంచి మీ దగ్గరికి వచ్చే ప్రతి స్పానిష్ కాగితాన్నీ ఒక పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. ఏం కాగితం, ఏం చేశారు, ఎంత సొమ్ముకు సంబంధించినది అన్నది చాలు, కంపెనీ రహస్యాలు వద్దు. ఏడాది తర్వాత ఇంటర్వ్యూలో అడిగినప్పుడు మీరు చెప్పవలసిన సమాధానం ఆ పుస్తకంలో ఉంటుంది. అంతకన్నా ముందు, ఇది మీ పనిలో భాగమని మీ మేనేజరు చేత ఒక ఈమెయిల్‌లోనైనా రాయించుకోండి. వెంటనే జీతం పెరగకపోవచ్చు, కానీ రాతపూర్వకంగా ఉన్న పనికి రేపు విలువ కట్టమని అడగవచ్చు.

ఇప్పుడు ఆ శిక్షణ సంస్థ మాట. ఒక్కసారి కాగితం మీద లెక్క వేద్దాం, లెక్కలు మీకు కొత్త కాదు. బీ2 స్థాయికి చేరాలంటే మొదటి నుంచి సుమారు 500 నుంచి 600 గంటల చదువు కావాలని సాధారణంగా అంచనా వేస్తారు. రోజుకు 2 గంటలు, వారానికి 5 రోజులు, 26 వారాలు అంటే 260 గంటలు. మీరు ఇప్పటిదాకా పెట్టిన 100, 150 గంటలు కలిపినా 410 దాటదు. మిగిలిన గంటలు ఇంట్లో మీరే కష్టపడి పూడ్చుకోవాలి. ఆ కష్టాన్ని ఉద్యోగం చేస్తూ కూడా పడవచ్చు. ఇక ఖర్చు: ఫీజు 1,30,000, ఆరు నెలల జీతం 1,44,000, మొత్తం 2,74,000 రూపాయలు. మీ ఇంటికి ఇది తమ్ముడి చదువుతో ముడిపడిన డబ్బు.

ఉద్యోగ హామీ ఎవరూ ఇవ్వలేరు. కోచింగ్ సంస్థలు తమ ప్రకటనల్లో ఎంపిక ఖాయం, ఉద్యోగం ఖాయం అనే మాటలు వాడకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు కూడా జారీ చేసింది. ఇక సర్టిఫికెట్ల విషయంలో నేను ఐచ్ఛికాలు ఇవ్వదలచుకోలేదు. అసలు సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకండి. జిరాక్సులు ఇవ్వండి, అసలువి చూపించి వెనక్కి తెచ్చుకోండి. అసలు పట్టా మీద పట్టు సంపాదించిన సంస్థ రేపు మీకు నచ్చని ఉద్యోగంలో చేరమన్నా, మిగతా ఫీజు ఇప్పుడే కట్టమన్నా మీరు కాదనలేని స్థితిలో ఉంటారు.

అలాగని అక్కడ చేరడమే తప్పు అనను. ఉపాధ్యాయులు మంచివాళ్లు కావచ్చు, ఎదురుగా కూర్చుని మాట్లాడే అవకాశం ఆన్‌లైన్‌లో దొరకనిది. అందుకే 15వ తేదీకి ముందు వెళ్లి నాలుగు విషయాలు అడగండి. సాయంత్రం గానీ శని, ఆదివారాల్లో గానీ తరగతి ఉందా, డబ్బు నెలనెలా కట్టవచ్చా, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కి ఇస్తారు, ఇప్పటిదాకా వాళ్ల దగ్గర బీ2 పరీక్ష నెగ్గినవాళ్లలో ఇద్దరితో నేను మాట్లాడవచ్చా. ఈ నాలుగింటికీ సూటిగా సమాధానం వచ్చి, అసలు సర్టిఫికెట్లు అడగకపోతే, సాయంత్రపు తరగతిలో చేరడం మంచి మార్గమే. సమాధానం దాటవేస్తే, కట్టిన 25,000 వెనక్కి ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. చేతికి ఇచ్చే కాగితానికి ముద్ర వేయించుకోండి, ఈమెయిల్ కూడా పంపండి. ఇవ్వకపోతే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అప్పటికీ రాకపోతే 25,000 నష్టపోతారు. అది చిన్న మొత్తం కాదని నాకు తెలుసు. కానీ పోయిన 25,000 కోసం ఇంకో లక్షా ఐదు వేలు కట్టకండి.

ఉద్యోగంలో ఉంటూనే చదివే మార్గం నెమ్మదిగా సాగుతుంది. వారంలో పని రోజుల్లో గంట చొప్పున, శని, ఆదివారాల్లో మూడేసి గంటలు కేటాయిస్తే వారానికి 11 గంటలు. ఇప్పటిదాకా పెట్టినవి కలుపుకుంటే ఏడాది గడిచేసరికి 500 గంటలు దాటుతాయి. శ్రీసిటీ బస్సులో పోయి వచ్చే సమయాన్ని వినడానికి వాడుకుంటే అది అదనం. అలసట వస్తుంది, నెలలో ఒక వారం పుస్తకం తెరవబుద్ధి కాదు, దాన్ని లెక్కలో వేసుకునే ఏడాది అంటున్నాను. చివర్లో తప్పనిసరిగా ఒక గుర్తింపు పొందిన పరీక్ష రాయండి. స్పెయిన్ విద్యాశాఖ తరఫున సెర్వాంతెస్ సంస్థ నిర్వహించే డెలే పరీక్ష పట్టాకు గడువు లేదు. ఒక్కో స్థాయికి ఒక్కో పరీక్ష ఉంటుంది. బీ2 పరీక్షలో చదవడం, రాయడం ఒక జత, వినడం, మాట్లాడటం ఇంకో జత, రెండు జతల్లోనూ విడివిడిగా నెగ్గాలి. కంప్యూటర్ మీద రాసే సీలే అనే పరీక్ష కూడా ఉంది. దాని ఫలితానికి 5 ఏళ్ల గడువు ఉంటుంది. మన కంపెనీలు ఏ శిక్షణ సంస్థ పట్టా చూపినా చివరకు ఫోనులో పది నిమిషాలు స్పానిష్‌లో మాట్లాడించే చూస్తాయి. కాబట్టి మీ 11 గంటల్లో కనీసం 4 గంటలు నోరు తెరిచి మాట్లాడేవి కావాలి.

ఇంకో మార్గం, ఇప్పుడున్న లెక్కల అనుభవంతోనే హైదరాబాదులో మెక్సికో, స్పెయిన్ పనులు చూసే సంస్థలో మామూలు అకౌంట్స్ ఉద్యోగానికి ప్రయత్నించి, లోపలికి వెళ్లాక భాష పూర్తి చేసుకోవడం. మీ పిన్నిగారి అమ్మాయి అక్కడే ఉంది కాబట్టి ఖాళీలు ఎప్పుడు వస్తాయో తెలుస్తుంది. చుట్టూ ఆ భాష వినిపిస్తుంది, జీతం ఆగదు. అయితే హాస్టల్ ఖర్చు పోను ఇంటికి పంపేది మొదటి ఏడాది ఇప్పటికన్నా తగ్గవచ్చు, లోపలికి వెళ్లాక స్పానిష్ విభాగానికి మారుస్తారన్న భరోసా కూడా ఉండదు. ఆఫర్ లెటరు చేతికి వచ్చాకే ఇక్కడ రాజీనామా ఇవ్వండి. హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో చేరి డిగ్రీ నుంచి స్పానిష్ చదవడం గురించి కూడా అడిగారు. పండితులు కావాలనుకునేవాళ్లకు అది గొప్ప చోటు, మీకు కావలసింది అది కాదనుకుంటాను.

మీ అమ్మగారి భయాన్ని తేలిగ్గా తీసుకోకండి, అందులో నిజం ఉంది. మెక్సికో నగరం మనకన్నా 11 గంటల 30 నిమిషాలు వెనక ఉంటుంది. అక్కడ ఉదయం 9 అయితే ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర. వాళ్లు పని ముగించే సాయంత్రం 6 మనకు తెల్లవారుజాము ఐదున్నర. అదే స్పెయిన్ అయితే చలికాలంలో నాలుగున్నర గంటల తేడా, వేసవిలో మూడున్నర. పని మధ్యాహ్నం మొదలై రాత్రి పదిన్నరలోగా ముగుస్తుంది. అంటే 'స్పానిష్ ఉద్యోగం' అన్నీ ఒకటే షిఫ్టు కాదు. ఇంటర్వ్యూలో ఏ దేశపు పని అని అడిగితే మీ రాత్రుల సంగతి తేలిపోతుంది. రాత్రి షిఫ్టు వేసే సంస్థలు మహిళల సమ్మతి తీసుకోవాలి, భద్రత, రవాణా ఏర్పాటు చేయాలి. ఈ వివరాలు అమ్మగారికి గడియారం చూపించి చెప్పండి. సంబంధాల విషయంలో నేను ఎక్కువ చెప్పను. రాబోయే మనిషికి మీ పని వేళలు ముందే తెలియడం మీకూ, అతనికీ మంచిది.

నాన్నగారి దగ్గర దాచిన గాజుల మాట ఉంది. దాన్ని 15వ తేదీ దాటనివ్వకండి. దాచిపెట్టినంత కాలం మీరు ఏ నిర్ణయం తీసుకున్నా అది భయంతో తీసుకున్నదే అవుతుంది. ఇంట్లో, అన్నం దగ్గర వద్దు. గిరాకీ లేని మధ్యాహ్నం అంగడికి వెళ్లండి. ఆయన తమిళం ఎలా నేర్చుకున్నారో అడగండి. తమిళ వ్యాకరణం చదివి ఉండరు. 'ఎవ్వళవు' అని అడిగినవాళ్లకు ధర చెప్పడానికి నేర్చుకుని ఉంటారు. ఆయన భాష అమ్మలేదు, ఇత్తడి అమ్మారు. ఇత్తడి సంగతి తెలిసినందుకే ఆ భాష ఆయనకు అన్నం పెట్టింది. మీ ఇత్తడి మీ లెక్కలని, దాన్ని వదిలిపెట్టడం లేదని ఆయనకు చెప్పగలిగితే, సగం కోపం తగ్గుతుంది, గాజుల మీద మిగిలిన కోపం మీరు పడవలసిందే. ఎవరూ మాట్లాడని భాష అంటే మాత్రం, మన పక్కనున్న అనంతపురం పేరు చెప్పండి. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవాసంస్థను స్థాపించి, 2009లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నారు. అక్కడి పల్లెల పిల్లలు ఆ సంస్థ నడిపే విదేశీ భాషల పాఠశాలలో స్పానిష్ నేర్చుకుని ఉద్యోగాలకు వెళ్లారు.

మీరు స్పానిష్‌ను ఇంగ్లీషు ద్వారా నేర్చుకుంటూ 'మె గుస్తా' దగ్గర తికమకపడ్డానని రాశారు. దాన్ని తెలుగులో పెట్టి చూడండి. 'మె గుస్తా ఎల్ మాంగో' అంటే 'నాకు మామిడిపండు ఇష్టం'. ఇష్టపడే మనిషి 'నాకు' అనే రూపంలో వెనక నిలబడతాడు, మామిడిపండే కర్త. ఇంగ్లీషులో తలకిందులుగా కనిపించేది మనకు పుట్టినప్పటి నుంచీ వచ్చినదే. 'వచ్చాను' అంటే నేను అని వేరే చెప్పనక్కర లేదు, వాళ్లకూ అంతే. 'తూ', 'ఉస్తెద్' మన నువ్వు, మీరు లాంటివే. 'పెరో' అంటే కానీ, 'పెర్రో' అంటే కుక్క, ఆ రెండో దాన్ని పలకడానికి మన బండి ఱ సాయపడుతుంది. మీ నోట్సు ఇకమీద తెలుగులో రాసుకోండి.

చివరిగా ఉచ్చారణ. మెక్సికోది నేర్చుకోండి. స్పెయిన్‌లో ఎక్కువమంది 'గ్రాథియాస్' అంటారు, మెక్సికోలో 'గ్రాసియాస్' అంటారు. రెండూ ఒప్పే, ఎవరి మాట ఎవరికైనా అర్థమవుతుంది. మీ బల్ల మీదికి వచ్చే డెబిట్ నోట్లు అక్కడివే కాబట్టి, ఈసారి వచ్చిన దానికి ఈమెయిల్‌తో సరిపెట్టకుండా, మేనేజరును అడిగి ఒక ఫోను చేయండి. ఐదు వాక్యాలు ముందే కాగితం మీద రాసుకోండి. అవతలి మనిషి వేగంగా మాట్లాడితే 'మాస్ దెస్పాసియో, పోర్ ఫవోర్', కొంచెం నెమ్మదిగా, దయచేసి, అనండి.